ఎగుడుదిగుడు తలాలు: ఆంగ్ల విశేషణాలలో ఎంపిక

ఒక తలం చదునుగా లేదని, లేదా నున్నగా లేదని చెప్పడానికి ఇంగ్లిషులో ఒకటి కాదు, పదుల మాటలున్నాయి. రఫ్, కోర్స్, అన్‌ఈవెన్, బంపీ, లంపీ, రగ్గెడ్, జాగెడ్, క్రాగీ, పిటెడ్, అన్‌డ్యులేటింగ్ వాటిలో తరచుగా వినబడేవి. పీటర్ మార్క్ రోజె 1852లో వెలువరించిన పర్యాయపద కోశం నునుపుకు ఒక శీర్షిక, గరుకుకు ఒక శీర్షిక పక్కపక్కనే పెట్టింది. ఈ కోవ మాటలు అనేకం ఆ రెండో శీర్షిక కింద చేరాయి. సాధారణ నిఘంటువుల్లో వెతికితే రఫ్ అంటే అన్‌ఈవెన్ అనీ, అన్‌ఈవెన్ అంటే స్మూత్ కానిదనీ, రగ్గెడ్ అంటే రఫ్, అన్‌ఈవెన్ రెండూ అనీ కనిపిస్తుంది. ఒక మాట ఇంకో మాటకు దారి చూపుతుంది, ఆ దారి తిరిగి తిరిగి మొదటి మాటకే వస్తుంది. ఇలా నేర్చుకున్నవారికి ఇవన్నీ ఒకే గుణానికి ఎక్కువ తక్కువలనీ, కాస్త గరుకైతే రఫ్, మరీ ఎక్కువైతే రగ్గెడ్ అనీ తోచడం సహజం. అది సరికాదన్నది ఈ వ్యాసం వాదన. ఈ మాటల మధ్య తేడా మోతాదులో కాదు, కొలబద్దలో ఉంది. తలం మీది ఎత్తుపల్లాలను మనం వేలికొసతో తెలుసుకుంటున్నామా, పాదంతోనా, బండి చక్రంతోనా, దూరం నుంచి కంటితోనా. ఆ సాధనంతో పోలిస్తే అవి ఎంత పెద్దవి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి పట్టుకోగలమా లేదా. ఏ మాట వాడాలన్నది ప్రధానంగా ఈ ప్రశ్నల మీదే ఆధారపడుతుంది.

వ్యతిరేక పదాల దగ్గర మొదలుపెడితే విషయం త్వరగా తేలుతుంది. ఇవన్నీ ఒకే గుణానికి మోతాదులైతే అన్నిటికీ ఒకే ఎదురు మాట ఉండాలి. అలా లేదు. రఫ్‌కు ఎదురు స్మూత్, కోర్స్‌కు ఎదురు ఫైన్, అన్‌ఈవెన్‌కు ఎదురు ఈవెన్ లేదా లెవెల్. రగ్గెడ్‌కైతే సరిగ్గా సరిపోయే ఎదురు మాటే లేదు. తెలుగులోనూ విభజన దాదాపు ఇదే: గరుకుకు నునుపు, ముతకకు సన్నం, ఎగుడుదిగుడుకు చదును. ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడని గుణాలు. గరుకు కాగితాన్ని బల్ల మీద పరిస్తే అది చదునుగానే ఉంటుంది, గరుకు మాత్రం పోదు. సరిగా పరవని పాలిష్ బండల గచ్చు వేలికి నునుపు, కాలికి ఎగుడుదిగుడు. తెలుగులో ఈ తేడాలను తడుముకోకుండా పాటించేవారే ఇంగ్లిషులో రాసేటప్పుడు అన్నిటికీ రఫ్ అనేస్తుంటారు. రఫ్ అనే మాట తెలుగులోకి ఎప్పుడో వచ్చి, రఫ్ నోట్సు నుంచి రఫ్‌గా మాట్లాడే మనిషి దాకా పాకిపోవడం దీనికి ఒక కారణం కావచ్చు. చేతికి అందుబాటులో ఉన్న మాట కాబట్టి దానికి హద్దులున్నాయన్న ధ్యాస తగ్గింది.

రఫ్, కోర్స్ రెండూ స్పర్శకు దగ్గరి మాటలే. వాటి పుట్టుక వేరు, అవి చూపే చోటు కూడా వేరు. ప్రాచీన ఆంగ్లంలో రఫ్ మూలరూపానికి వెంట్రుకలు నిండిన, మోటుగా ఉన్న, చక్కదిద్దని అనే అర్థాలుండేవి. అంటే తలం ఇంకా పనితనం చూడలేదని దాని భావం. రఫ్ డ్రాఫ్ట్, సాన పట్టని రఫ్ వజ్రం ఆ పాత అర్థం నుంచే వచ్చాయి. కోర్స్ 15వ శతాబ్దంలో మామూలు రకం అన్న అర్థంతో మొదలై, ముతక బట్టను చెప్పడానికి స్థిరపడింది. ఇది తలాన్ని కాక, వస్తువు దేనితో తయారైందో ఆ నూలుపోగునూ రేణువునూ గింజనూ చూపే మాట. చెస్టర్ వెంట్‌వర్త్ 1922లో ఖరారు చేసిన రేణువుల కొలమానంలో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు వ్యాసం ఉన్న ఇసుకను కోర్స్ అంటారు. అక్కడ గరుకు ప్రసక్తే లేదు, రేణువు పరిమాణమే లెక్క. బియ్యం వ్యాపారంలో ఈ తేడాకు డబ్బు విలువ ఉంది. అమెరికా సరుకుల మార్కెట్లో రఫ్ రైస్ అంటే ఊక తీయని వడ్లు. కోర్స్ రైస్ అంటే దొడ్డు బియ్యం. ఒకదానికి బదులు రెండోది రాస్తే సరుకే మారిపోతుంది. కోర్స్‌లోని మామూలు రకం అనే పాత వాసన కూడా పూర్తిగా పోలేదు. జొన్న, సజ్జ, రాగి వంటి వాటిని ప్రభుత్వ కాగితాల్లో ఏళ్ల తరబడి కోర్స్ సీరియల్స్ అన్నాక, 2018లో కేంద్ర ప్రభుత్వం వాటికి న్యూట్రి సీరియల్స్ అని పేరు మార్చడం వెనుక ఆ చిన్నచూపును తుడిచే ఉద్దేశం ఉంది. తిరగలిని గమనిస్తే రెండు మాటలూ ఎంత దూరంగా ఉన్నాయో బోధపడుతుంది. కక్కు కొట్టిన రాయి రఫ్‌గా ఉంటుంది, గింజను మెత్తగా నలుపుతుంది. కక్కు అరిగి రాయి స్మూత్ అయ్యేకొద్దీ పిండి బరకగా, అంటే కోర్స్‌గా వస్తుంది. రెండూ ఒకే గుణమైతే ఒకటి తగ్గుతున్నప్పుడు రెండోది పెరగదు.

కొలబద్ద అన్నది మాటల వాడుకలోని అలవాటు మాత్రమే కాదు, మన చర్మంలోనే ఉంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కాట్స్ 1925లో స్పర్శ ప్రపంచం గురించి రాసిన గ్రంథంలో, సన్నని గరుకును ఒక విధంగా, పెద్ద గరుకును మరో విధంగా మనం గ్రహిస్తామని ప్రతిపాదించాడు. 2000లో మార్క్ హాలిన్స్, రైజ్నర్ చేసిన ప్రయోగాలు దీన్ని బలపరిచాయి. సుమారు 0.2 మిల్లీమీటరు కన్నా చిన్న నిర్మాణాలు వేలిని కదిపితేనే తెలుస్తాయి, ఎందుకంటే వాటిని పసిగట్టేది చర్మంలో పుట్టే కంపనం. అంతకన్నా పెద్దవైతే వేలు కదపకుండా ఆనించి ఉంచినా తెలుస్తాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కానర్, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన ఫలితం మన విషయానికి ఇంకా దగ్గరిది. ఉబ్బెత్తు చుక్కలున్న పలకలను తాకించి ఎంత రఫ్‌గా ఉన్నాయో చెప్పమంటే, చుక్కల మధ్య దూరం పెరిగేకొద్దీ గరుకు పెరుగుతున్నట్టు జనం చెప్పారు. అయితే ఆ దూరం 3 మిల్లీమీటర్లు దాటాక అంచనా తగ్గడం మొదలైంది. చుక్కల ఎత్తు తగ్గలేదు, వాటి మధ్య ఎడమే పెరిగింది. వేలికొస మీద రెండు బిందువులను విడివిడిగా గుర్తించగలిగే దూరం సుమారు 2 మిల్లీమీటర్లు కనుక, ఆ దగ్గర్లోనే గరుకు అనే కలగాపులగపు అనుభూతి విడిపోయి ఒక్కొక్క బొడిపె వేరుగా తెలియడం మొదలవుతుందని అనుకోవడానికి ఆధారం ఉంది. చుక్కల ఆకారం మారిస్తే తిరుగుడు బిందువు కూడా మారుతుందని తర్వాతి ప్రయోగాలు చూపాయి కాబట్టి 3 అనే అంకెను శాసనంగా తీసుకోకూడదు. అయినా రఫ్ ఎక్కడ ఆగి బంపీ ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సూచన లేదు. ఎత్తులను లెక్కపెట్టలేనప్పుడు రఫ్. ఒక్కొక్కటిగా తగులుతున్నప్పుడు బంపీ.

బంపీ చరిత్ర కూడా ఇందుకు అనుకూలంగానే ఉంది. బంప్ 16వ శతాబ్దపు మాట, దెబ్బకూ దెబ్బ వల్ల లేచిన బొప్పికీ ఒకే పేరు. విశేషణం 19వ శతాబ్దంలో వచ్చింది. అందుకే బంపీలో ఆకారంతో పాటు కుదుపు ఎప్పుడూ ఉంటుంది. తలమే లేని విమాన ప్రయాణాన్ని కూడా బంపీ ఫ్లైట్ అంటారు. దాన్ని అన్‌ఈవెన్ ఫ్లైట్ అనరు. అన్‌ఈవెన్‌లో కుదుపు లేదు, మట్టం మాత్రమే ఉంది. ఒక చోటుకూ ఇంకో చోటుకూ ఎత్తు కలవలేదని అది చెబుతుంది. ఎత్తు కలవనిది ఏదైనా దానికి సరిపోతుంది: ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల, అంచు సరిగా కత్తిరించని బట్ట, రంగు ఒకచోట చిక్కగా ఒకచోట పలచగా పడిన గోడ. బేసి సంఖ్యను ఇంగ్లిషులో ఒకప్పుడు అన్‌ఈవెన్ నంబర్ అన్నదీ ఇందుకే, రెండు సమాన భాగాలుగా కలవదు కనుక. నడిచేవారు జాగ్రత్తపడాలని పెట్టే హెచ్చరిక పలకల మీద అన్‌ఈవెన్ సర్ఫేస్ అని రాస్తారు. కాలు ఆనించే చోట మట్టం మారుతుందన్నదే అక్కడి ప్రమాదం. రఫ్ సర్ఫేస్ అని రాస్తే, కాలు జారకుండా పట్టు దొరుకుతుందని దాదాపు వ్యతిరేక అర్థం తీసుకోవడానికి వీలుంది.

ఈ వాదనకు మొదటి గట్టి అభ్యంతరం రోడ్డు ఇంజినీర్ల నుంచి వస్తుంది. మామూలు మనిషి బంపీ అనే రోడ్డును వారు రఫ్ అంటారు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగం నుంచి రూపుదిద్దుకొని, 1986లో ప్రచురితమైన అంతర్జాతీయ సూచిక పేరులోనే రఫ్‌నెస్ ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారులో నాలుగో వంతు నమూనా, అంటే ఒక చక్రం, దాని సస్పెన్షన్, కిలోమీటరుకు మొత్తం ఎన్ని మీటర్లు పైకీ కిందికీ ఆడుతుందో అది లెక్కిస్తుంది. మన దేశంలో ఇంకా తికమకగా ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2004 నాటి మార్గదర్శకం పేరులో సర్ఫేస్ ఈవెన్‌నెస్ అని ఉంటుంది. కొలిచే సాధనం బంప్ ఇంటిగ్రేటర్, గంటకు 32 కిలోమీటర్ల వేగంతో బండి వెనుక లాగే ఐదో చక్రం. దాని నుంచి వచ్చే అంకెను రఫ్‌నెస్ అంటారు. ఒకే పనిలో మూడు మాటలూ కలిసిపోయాయి కదా, ఇక మీ విభజన ఎక్కడ నిలబడుతుందని అడగవచ్చు.

నిలబడుతుంది, అంతేకాదు ఇక్కడే బలపడుతుంది. కారు వేగంగా వెళ్లేటప్పుడు రోడ్డును తడుముతున్న వేలు చక్రమే. మీటర్ల పొడవున్న హెచ్చుతగ్గులు ఆ వేగానికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి కంపనంగా అందుతాయి. ఇంజినీరుకు కావలసింది ప్రతి గుంత చిట్టా కాదు, కిలోమీటరు మొత్తానికి ఒక అంకె. విడదీయకుండా మొత్తంగా తీసుకున్నప్పుడు మాట రఫ్ వైపు జరుగుతుంది. సాధనం పేరు మాత్రం ఒక్కొక్క కుదుపునూ పోగుచేస్తుంది కనుక బంప్‌ను పట్టుకుంది. రోడ్ల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ పియార్క్ ఇదే తలాన్ని తరంగదైర్ఘ్యాన్ని బట్టి పొరలుగా విడగొట్టింది. అర మిల్లీమీటరు లోపు సూక్ష్మ టెక్స్చర్, అక్కడి నుంచి 50 మిల్లీమీటర్ల దాకా స్థూల టెక్స్చర్, 500 మిల్లీమీటర్ల దాకా మెగా టెక్స్చర్, అర మీటరు నుంచి 50 మీటర్ల వరకు అన్‌ఈవెన్‌నెస్. మొదటి రెండూ టైరుకు పట్టునిస్తాయి, అవి రోడ్డుకు కావాలి. చివరిది ఒళ్లు హూనం చేస్తుంది, అది ఉండకూడదు. మంచి రోడ్డు ఒక కొలతలో గరుకుగా, ఇంకో కొలతలో చదునుగా ఉండాలి. రెంటికీ ఒకే మాట వాడితే ఈ వాక్యమే అర్థం కాకుండా పోతుంది.

రఫ్ అనే మాట తలానికి ఉన్న సొంత గుణాన్ని కాక, తలానికీ కొలిచేదానికీ మధ్య సంబంధాన్ని చెబుతుందనడానికి భౌతిక శాస్త్రంలో సాక్ష్యాలు చాలా ఉన్నాయి. జర్మనీలో యోహాన్ నికురాడ్సె 1933లో గొట్టాల లోపల ఇసుక రేణువులు అంటించి నీటి ప్రవాహాన్ని పరీక్షించినప్పుడు, లెక్కకు వచ్చింది రేణువు పరిమాణం ఒక్కటే కాదు, గొట్టం వ్యాసంతో దాని నిష్పత్తి. అదే రేణువు సన్న గొట్టాన్ని రఫ్ చేస్తుంది, పెద్ద గొట్టానికి లెక్కలోకే రాకపోవచ్చు. ప్రవాహం నెమ్మదిగా ఉంటే గోడనంటి ఉండే పలచని నీటిపొర రేణువులను పూర్తిగా కప్పేస్తుంది, గొట్టం హైడ్రాలిక్‌గా స్మూత్ అనిపించుకుంటుంది. రేడియో తరంగాలకు స్మూత్‌గా ఉన్న నేల వెలుగుకు రఫ్. యంత్రభాగాల తలాలను కొలిచేవారు వాటిని రఫ్‌నెస్, వేవీనెస్, ఫామ్ అని మూడుగా విడదీస్తారు. ఎక్కువగా వాడే సరిహద్దు 0.8 మిల్లీమీటరు: అంతకన్నా పొట్టి అలలు రఫ్‌నెస్ లెక్కలోకి, పొడుగువి వేవీనెస్ లెక్కలోకి వెళతాయి. ఆ సరిహద్దు లోహం మీద గీసి లేదు. పనిని బట్టి 0.25 అనో 2.5 అనో మార్చుకుంటారు. ఎవరు, దేనితో, దేనికోసం చూస్తున్నారన్నది ముందు తేల్చుకున్నాకే మాట తేలుతుందన్న సంగతిని ఇంజినీర్లు ప్రమాణపత్రాలలో రాసుకున్నారు. రచయితలు దాన్ని చెప్పకుండానే పాటిస్తారు.

కొలత మనిషి ఒంటిని దాటి కొండల స్థాయికి చేరితే తాకే చెయ్యి పక్కకు తప్పుకొని కన్ను, దారి రెండూ ముందుకొస్తాయి. రగ్గెడ్ 14వ శతాబ్దం నాటికే ఇంగ్లిషులో ఉంది. మొదట జూలు పట్టిన అన్న అర్థమే. మూలం స్కాండినేవియా వైపుదనీ, కాళ్ల కింద పరిచే రగ్గుకు చుట్టరికం ఉందనీ భాషావేత్తల అంచనా. కాలక్రమంలో ఈ మాట కొండ ప్రాంతాలకు మారింది. రగ్గెడ్ అంటే ఎత్తు ఎక్కువని కాదు. ఎత్తైన పీఠభూమి రగ్గెడ్ కాకపోవచ్చు, తక్కువ ఎత్తు కొండలే రగ్గెడ్ కావచ్చు. దగ్గరదగ్గర చోట్ల మధ్య ఎత్తు ఎంత త్వరగా మారుతుందన్నదే ప్రశ్న. రైలీ, ఆయన సహచరులు 1999లో రూపొందించిన భూతల సూచిక కూడా పటంలోని ప్రతి గడినీ చుట్టూ ఉన్న ఎనిమిది గడులతో పోల్చి దీన్నే లెక్కిస్తుంది. ఆర్థికవేత్తలు నేథన్ నన్, డీగో పూగా 2012లో దాన్ని వాడి, ఆఫ్రికాలో దుర్గమమైన నేలలు బానిస వ్యాపారుల నుంచి కొంత రక్షణ ఇచ్చాయనీ, ఆ మేలు నేటి ఆదాయాల్లోనూ కనిపిస్తుందనీ చూపారు. ఆ వ్యాసం శీర్షికలో రగ్గెడ్‌నెస్ బదులు రఫ్‌నెస్ పెట్టి చూడండి. అక్కడ అవసరమైన దాటలేనితనం అనే అర్థం జారిపోతుంది. రోలింగ్, అన్‌డ్యులేటింగ్ నేలలు ఇందుకు భిన్నం. అక్కడ ఎత్తులు మెల్లగా మారతాయి, అంచులుండవు. మన రహదారి ప్రమాణాల్లో అడ్డవాలు 10 నుంచి 25 శాతం వరకు ఉంటే రోలింగ్, 25 నుంచి 60 వరకు పర్వతప్రాంతం అని హద్దులు కూడా పెట్టుకున్నారు.

జాగెడ్ విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు హైదరాబాదు చుట్టుపక్కల రాళ్లగుట్టలు. మధ్యయుగపు దుస్తుల అంచులను పళ్లు పళ్లుగా కత్తిరించడాన్ని చెప్పే క్రియ నుంచి వచ్చిన మాట జాగెడ్. పదునైన మొనలు, విరిగిన అంచులు ఉంటేనే అది చెల్లుతుంది. మంచు, హిమానీనదాలు చెక్కిన హిమాలయ శిఖరాలకు అది తగిన మాట. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న దక్కను గ్రానైటు మూలలు అరిగి గుండ్రబడిన బండరాళ్లుగా పేరుకుంది. ఆ ప్రదేశాన్ని రగ్గెడ్ అనవచ్చు, రాకీ అనవచ్చు. రాయిని చేత్తో తడిమితే రఫ్ అనవచ్చు, గింజ స్ఫుటంగా కనబడితే కోర్స్ గ్రెయిన్డ్ అనాలి. జాగెడ్ మాత్రం కుదరదు. ఒకే గుట్టకు మూడు దూరాల నుంచి మూడు మాటలు వచ్చాయి, వాటిలో ఏదీ ఇంకోదానికి పెద్దన్న కాదు.

ఇక్కడే రెండో అభ్యంతరం వస్తుంది. బెన్వా మాండెల్‌బ్రో 1967లో బ్రిటన్ తీరం పొడవు ఎంత అని అడిగి, కొలిచే బద్ద పొట్టిదయ్యేకొద్దీ తీరం పొడవు పెరుగుతూనే ఉంటుందని చూపాడు. 1975లో ఆయన ఫ్రాక్టల్ అని పేరుపెట్టిన ఇలాంటి తలాలకు సొంత కొలత అంటూ లేదు. దగ్గరికి వెళ్లినా దూరం నుంచి చూసినా గరుకు ఒకే తీరుగా ఉంటుంది. ప్రకృతి ఇలా ఉన్నప్పుడు కొలబద్దను బట్టి మాటలను విడదీయడం కృత్రిమం కాదా? తలానికి కొలత లేకపోవచ్చు, శరీరానికి ఉంది. వేలికొస, పాదం, చక్రం ఎంతో మనకు తెలుసు. అదే కొండచరియ తాకినవాడికి రఫ్, ఎక్కేవాడికి అన్‌ఈవెన్, లోయ అవతల నుంచి చూసేవాడికి రగ్గెడ్ కావడం మాండెల్‌బ్రో చెప్పినదానికి విరుద్ధం కాదు, దాని నుంచి రావలసిన ఫలితమే.

మోతాదుల సిద్ధాంతానికి అన్నిటికన్నా గట్టి మద్దతు సముద్రం నుంచి దొరుకుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ అలల పట్టికలో స్మూత్, స్లైట్, మోడరేట్, రఫ్, వెరీ రఫ్ అని మెట్లున్నాయి. అల ఎత్తు 2.5 నుంచి 4 మీటర్లయితే రఫ్, 6 వరకు వెరీ రఫ్. ఆంధ్ర తీరంలోని మత్స్యకారులకు వాతావరణ శాఖ పంపే ఇంగ్లిషు హెచ్చరికల్లో ఉండేవి ఈ మాటలే. ఇది స్పష్టంగా మోతాదే, ఒప్పుకోవాలి. కానీ 6 మీటర్లు దాటాక పట్టిక ఏం చేస్తుందో గమనించాలి. ఇంకా ఎక్కువ రఫ్ అనకుండా ఆ మాటను వదిలేసి హై, వెరీ హై, చివరికి 14 మీటర్ల పైన ఫినామినల్ అంటుంది. అలలు కొండల్లా ఒక్కొక్కటిగా మీదికి వచ్చేటప్పుడు తలం అన్న భావనే చెదిరిపోతుంది, మిగిలేది ఎత్తు. పొట్టి అలలు అడ్డదిడ్డంగా లేచే నీటికి చాపీ అని వేరే మాట ఉంది. అది ఎత్తుతో సంబంధం లేకుండా పడవ ఊగే తీరును చెబుతుంది.

ఎత్తుపల్లాలు ఏ ఆకారంలో ఉన్నాయో చెప్పే మాటలది వేరే కుదురు. వాటి విషయంలో మన కూరగాయల బుట్ట మంచి పాఠ్యపుస్తకం. కాకరకాయ తలం వార్టీ లేదా బంపీ, సీతాఫలం నాబ్లీ, బీరకాయ రిడ్జ్‌డ్ (ఇంగ్లిషు పేరులోనే రిడ్జ్ ఉంది), పనసకాయ స్పైకీ, ఎండిన ఖర్జూరం రింకిల్డ్, నారింజ తొక్క పిటెడ్ లేదా డింపుల్డ్. వీటన్నిటినీ రఫ్ అంటే అబద్ధం కాదు, చదివేవారికి ఏమీ కనిపించదు, అంతే. వృక్షశాస్త్రం ఈ తేడాలను లాటిన్ నుంచి తెచ్చుకున్న మాటలతో బిగించింది. చిన్న బిరుసు నూగుతో గరుకుగా ఉన్న పారిజాతం ఆకు స్కేబ్రస్, ముడతలు పడిన పుదీనా ఆకు రూగోస్, పులిపిర్లలాంటి బొడిపెలుంటే వెరుకోస్. శాస్త్రానికి ఇంత బిగింపు అవసరం. కథ రాసేవారికి రింకిల్డ్, వార్టీ చాలు. లాటిన్ మాటలు మామూలు వచనంలోకి లాగితే పాండిత్యం కనబడుతుంది, ఆకు కనబడదు. పిటెడ్‌ను మాత్రం జాగ్రత్తగా వాడాలి. అది లోపలికి తిన్న గుంటలకే. తుప్పు తిన్న ఇనుము పిటెడ్, బొడిపెలు లేచిన గోడ పిటెడ్ కాదు. ఇంగ్లిషులో ఎత్తుకూ పల్లానికీ వేరువేరు విశేషణాలుండటం మరచిపోతే రాసేది తలకిందులవుతుంది.

ఇదంతా అతి విశ్లేషణ, ఇంగ్లిషువాళ్లు ఇలా ఆలోచించి మాట్లాడరు, రగ్గెడ్ టెరైన్, బంపీ రైడ్ వంటి జోడీలను అలవాటుగా పట్టుకుంటారు, మనమూ అలాగే కంఠస్థం చేస్తే సరిపోతుందని చాలామంది ఉపాధ్యాయులు అంటారు. జోడీలు నేర్చుకోవడం మంచిదే. కానీ కొత్త వస్తువు ఎదురైనప్పుడు కంఠస్థం తోడురాదు, సూత్రం తోడొస్తుంది. కింద పడినా పగలకుండా చేసిన ఫోనును రగ్గెడ్ అన్నారు, రఫ్ అనలేదు. దాని తలం నున్నగా ఉన్నా, దుర్గమమైన నేలను తట్టుకొనే దారుఢ్యం అనే భావం ఆ మాటలో అప్పటికే ఉంది. అలంకారికమైన వాడుకల్లోనూ మూలార్థం చెక్కుచెదరదు. అన్‌ఈవెన్ పెర్ఫార్మెన్స్ అంటే ఒకచోట బాగుండి ఒకచోట తేలిపోయిన నటన, మట్టం కలవలేదు. బంపీ స్టార్ట్ అంటే ఒకదాని తర్వాత ఒకటి లెక్కపెట్టగలిగే అడ్డంకులు. రఫ్ ఎస్టిమేట్ అంటే చెక్కు తీయని లెక్క. కోర్స్ లాంగ్వేజ్ అంటే నాసిరకం మాట. ఈ నాలుగింటిలో విశేషణాలు అటూ ఇటూ మార్చి చూస్తే అర్థం మారిపోతుంది, లేదా అర్థమే ఉండదు.

మాట నాదమే ఎంపికను నడిపిస్తుందనే వాదం కూడా ఉంది, దానికి గౌరవనీయమైన ఆధారం ఉంది. బోడో వింటర్, ఆయన సహచరులు 2022లో 332 భాషలను పరిశీలించి, గరుకును చెప్పే మాటల్లో ర ధ్వని నునుపును చెప్పే మాటల్లో కన్నా తరచుగా వస్తుందనీ, ముఖ్యంగా నాలుక కొన కంపించే ర ఉన్న భాషల్లో ఇది బలంగా ఉందనీ చూపారు. మన గరుకు, బరక, కరకర, వాటి ఎదుట నునుపు, మెత్తన కూడా ఆ ధోరణికి అనుకూలంగానే వినిపిస్తాయి. అయినా ఇంగ్లిషు జాబితా మొత్తానికి ఇది సమాధానం కాదు. ర ఉన్నవి రఫ్, కోర్స్, రగ్గెడ్, క్రాగీ, గ్రిట్టీ: గీసుకొనేవి, గుచ్చుకొనేవి. బంపీ, లంపీ, నాబ్లీలలో ర లేదు, అవి గుండ్రని గడ్డల మాటలు. నాదం కూడా ఆకారాన్నీ కొలతనూ అనుసరించే చీలింది.

అన్ని తలాలకూ ఇంగ్లిషులో సొంత మాట లేదు, లేనిచోట అప్పు తెచ్చుకుంది. హవాయి లావాల్లో ఒకటి తాళ్లు పేనినట్టు నున్నగా ముడతలు పడుతుంది, ఇంకొకటి పదునైన పెళ్లలుగా గట్టిపడుతుంది. క్లారెన్స్ డటన్ 1880ల్లో ఆ దీవుల ప్రజల పాహోయ్‌హోయ్, ఆఆ అనే పేర్లనే భూగర్భశాస్త్రంలోకి తెచ్చాడు. గాలి కోతకు మంచు మీద లేచే గట్లకు రష్యన్ నుంచి సస్త్రూగి వచ్చింది. తెలుగు నుంచి ఇంగ్లిషుకు వెళ్లేటప్పుడు ఇలాంటి ఖాళీ గతుకు దగ్గర ఎదురవుతుంది. గతుకులో గుంటా మిట్టా కుదుపూ మూడూ ఉన్నాయి, ఇంగ్లిషు వాటిని విడదీసే అడుగుతుంది. ప్రయాణం గురించి రాస్తే బంపీ రోడ్, తారు లేచిపోయి నీళ్లు నిలుస్తున్నాయని అధికారులకు రాస్తే పాట్‌హోల్డ్ రోడ్, వృద్ధులు తట్టుకొని పడుతున్నారని రాస్తే అన్‌ఈవెన్ రోడ్. కంకర తేలిన మట్టిబాట అయితే, గుంటలు లేకపోయినా, రఫ్ రోడ్.